బిట్రగుంటలో కార్బురేటర్ బిగించిన తొమ్మిది రోజులు

నేను రొయ్యల గుంటల నీళ్లు పరీక్ష చేసే పని చేస్తాను. కోవూరులో ఒక మందుల షాపు పైన మా ల్యాబు. వారంలో నాలుగు రోజులు సముద్రం వైపు గుంటల మీదికి వెళ్లి, క్యాన్లలో నీళ్లు, సంచుల్లో బతికున్న రొయ్యలు పట్టుకొస్తాను. ఉప్పెంత ఉంది, ఆక్సిజన్ ఎంత ఉంది, రొయ్యకి రోగమేమన్నా తగిలిందా అని చూసి సాయంత్రానికల్లా రైతుకి ఫోనులో చెప్పాలి. మర్నాటికి చెబితే ఒక్కోసారి చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

ఈ తిరుగుడుకి నా దగ్గర ఒక చిన్న పెట్రోలు కారు ఉంది. నేను కొనేనాటికే పాతది. వెనక సీటు తీయించేసి అక్కడ ఐసు పెట్టెలు పెట్టుకున్నాను. గుంట గట్ల మీద పెద్ద బండి తిరగదు, ఇది తిరుగుతుంది. కొత్త కారు కొన్నా దాన్ని ఆ ఉప్పు బురదలోకి దించడానికి మనసొప్పదు. దీని మీద నాకు ప్రత్యేకమైన మమకారం అంటూ ఏమీ లేదు. పనికి సరిపోయేది, అంతే.

ఒక వేసవిలో నీళ్ల క్యాన్ ఒకటి మూత సరిగా బిగించకుండా ముందు, ఎడమ సీటు కాళ్ల దగ్గర పెట్టాను. గతుకుల్లో అది పక్కకు ఒరిగింది. ఇంటికి వచ్చేసరికి క్యాన్‌లో సగం నీళ్లు లేవు. కార్పెట్టు తీసి ఎండలో వేసి, కింది రేకుని గుడ్డతో తుడిచి ఆ సంగతి మరిచిపోయాను. కారుని నడిపించే కంప్యూటర్ పెట్టె సరిగ్గా ఆ పక్కనే, డ్యాష్‌బోర్డు కింద ఉంటుందని నాకు అప్పటికి తెలియదు. అయిదారు నెలల తర్వాత ఒక రోజు పొద్దున ఒక రైతు గుంట దగ్గర ఆపి, నీళ్లు ముంచుకుని, మళ్లీ తాళం తిప్పితే ఇంజిన్ తిరిగింది గానీ అంటుకోలేదు. ఆ రైతే తన మినీ లారీకి తాడు కట్టి ఇంటిదాకా లాక్కొచ్చి దింపాడు.

నెల్లూరు నుంచి ఒక మెకానిక్ వచ్చి ఆ పెట్టె విప్పి చూశాడు. లోపల పచ్చటి చిలుము. నీళ్లేమన్నా పోయాయా అని అడిగాడు. వానకేమో అన్నాను. అబద్ధం అంత సులభంగా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పెట్టె కొత్తది ఇప్పుడు రావడం లేదని, పాతది ఎక్కడో దొరికినా వైర్లు కూడా చిలుము పట్టాయి కాబట్టి ఎన్నాళ్లు పనిచేస్తుందో చెప్పలేనని అన్నాడు. అమ్మేయమని సలహా ఇచ్చాడు. బియ్యం మిల్లులో పనిచేసే మా ఆయన కూడా అదే మాట అన్నాడు.

కారుని లాక్కొచ్చిన రైతు మాత్రం ఇంకో మాట చెప్పాడు. బిట్రగుంటలో రైల్వే క్వార్టర్స్ దాటాక ఒక పెద్దాయన షెడ్డు ఉందట. కంప్యూటర్ కార్లు ముట్టుకోడు గానీ, కంప్యూటర్ పోయిన కారుని పాతకాలం కారుగా మార్చి నడిపిస్తాడట. నమ్మకం కలిగి కాదు, వేరే దారి లేక వెళ్లాను. అదే లారీకి కారు కట్టుకుని ఒక సోమవారం పొద్దున బిట్రగుంట చేరాం.

షెడ్డు ఇంటిని ఆనుకునే ఉంది. రేకుల కింద రెండు కార్లు పట్టేంత జాగా. మెకానిక్‌కి అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, చేతులు మాత్రం ఆ ఒంటికి పెద్దవి. వయసులో ఉండగా పద్నాలుగేళ్లు సముద్రం ఒడ్డున పడవల ఇంజిన్లు బాగుచేశాడని, తర్వాత కార్లకు మళ్లాడని ఆయన భార్య చెప్పింది. ఆమె ఇంటి వసారాలో బట్టలు కుడుతూ ఉండేది. షెడ్డుకి ఫోను వస్తే ఆమే లేచి వెళ్లి మాట్లాడేది. ఆయన్ని అన్నా అనీ, ఆమెను అక్కా అనీ పిలవడం ఆ పూటే అలవాటయింది.

నేను జరిగింది, వాన అబద్ధంతో సహా, చెబుతుంటే ఆయన నా ముఖంలోకి కన్నార్పకుండా చూస్తూ విన్నాడు. అంత శ్రద్ధగా వినే మెకానిక్‌ని నేను అంతకుముందు చూడలేదు. తర్వాత బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు.

"దీనికి కంప్యూటర్ వెతకబాకండమ్మా," అన్నాడు. "ఈ ఇంజిన్‌కే ముందర కార్బురేటర్ వచ్చేది. ఆ మానిఫోల్డు, ఆ డిస్ట్రిబ్యూటర్ తెచ్చి పెడితే నడస్తాది. అయితే మీరు కొన్ని ఒప్పుకోవాల."

ఒప్పుకోవలసినవి ఆయన వరసగా చెప్పాడు. పొద్దున్నే తాళం తిప్పగానే అంటుకోదు, చోక్ లాగాలి. పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది, వాసన కూడా వస్తుంది. పొల్యూషన్ పరీక్షలో నెగ్గేదాకా ఓపిగ్గా సర్దుకోవాలి. ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయాలి, చేయకపోతే దారిలో ఆగుతుంది. నేను అన్నిటికీ సరేనన్నాను. వాటిలో సగం నాకు అర్థం కాలేదని ఆయనకి తెలిసే ఉంటుంది.

ఆ వారం గుంటల మీదికి మా ల్యాబులో ఇంకొకామె స్కూటర్ మీద వెళ్లింది. నేను పొద్దున్నే పడుగుపాడులో ప్యాసింజర్ ఎక్కి బిట్రగుంటలో దిగేదాన్ని. రోజూ వెళ్లవలసిన పని లేదు. కానీ ఆయన నన్ను రావద్దనలేదు. కారు ఎవరి చేతిలోనో వదిలి కోవూరులో కూర్చోవడం నాకు చేత కాలేదు. వెళ్లినందువల్ల ఆ పని మొదటినుంచీ చూశాను.

మొదటి మూడు రోజులు సామాన్లకే పోయాయి. అదే ఇంజిన్ ఉన్న ముందు మోడల్ కారొకటి కావలి వైపు పాత ఇనుము కొట్టులో ఉందని ఆయనకి తెలుసు. అందులోంచి గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్, దాని కింద ఉండి ఆ గాలిని ఇంజిన్‌లోకి పంపే మానిఫోల్డు, నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్, గాలి వడగట్టే డబ్బా, చోక్ తీగ అన్నీ విప్పించి తెచ్చాడు. కార్బురేటర్‌ని పళ్లెంలో పెట్రోలు పోసి నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, ముక్కలు ముక్కలుగా విప్పి పాత పంచె మీద పరిచాడు. పెట్రోలు వచ్చి చేరే చిన్న గిన్నె, అందులో తేలే ఫ్లోటు, గిన్నె నిండగానే దారి మూసే సూది, పెట్రోలు ఎంత రావాలో తేల్చే ఇత్తడి జెట్లు. జెట్టు ఒకటి వెలుతురుకి ఎత్తి పట్టి నన్ను చూడమన్నాడు. సూది మొనంత కన్నం. అందులోంచి ఆకాశం చుక్కలా కనిపించింది.

పంపు దగ్గర ఒక చిక్కు వచ్చింది. కారు ట్యాంకులో అప్పటికే ఒక పంపు ఉంది కదా, అదే ఎందుకు పనికిరాదని అడిగాను. ఆయన గొట్టం విప్పి, కొసని సీసాలో పెట్టి, పంపుకి కరెంటు ఇచ్చాడు. పెట్రోలు సీసా అడుగుని కొట్టి పైకి లేచింది.

"ఇది చిమ్మతాది," అన్నాడు. "కంప్యూటర్ బండి ఇంజెక్షన్‌కి చిమ్మాల. కార్బురేటర్‌కి పోసినట్టు రావాల. ఇదే పెడితే సూది ఆపలేదు, పెట్రోలు పైకి పొంగి ఇంజిన్ మీద పడతాది. అప్పుడు కారు కాదు, కొరివి."

ఆ పంపు వైరు తీసేసి, ట్యాంకు దగ్గర మెల్లగా తోసే చిన్న పంపు ఒకటి బిగించాడు. ఇంజిన్ ఆగితే పంపూ ఆగేలా ఒక స్విచ్చు కూడా పెట్టాడు. ఈ ఒక్క పనికే రోజున్నర పట్టింది. గొట్టాలు ఎక్కడెక్కడ రేకుకి ఒరుసుకుంటాయో అక్కడల్లా రబ్బరు చుట్టాడు. తొందర లేని మనిషి. పని చేస్తున్నప్పుడు పిలిస్తే పలికేవాడు కాదు, భుజం తట్టాలి. పనిలో మునిగిపోతాడు కాబోలు అనుకున్నాను.

ఆరో రోజు మధ్యాహ్నం చోక్ లాగి తాళం తిప్పమన్నాడు. నాలుగో తిప్పుకి ఇంజిన్ అంటుకుంది. నల్లటి పొగ, ముక్కు మండించే పెట్రోలు వాసన, తర్వాత ఇంజిన్ తిరిగే చప్పుడు. నెలన్నర తర్వాత ఆ చప్పుడు వినడం. ఆయన నవ్వలేదు. చోక్ లోపలికి నెట్టమన్నాడు. నెట్టాను. అప్పుడు మొదలైంది అసలు బాధ.

ఇంజిన్‌కి నిలకడ లేదు. వేగం ఎక్కుతుంది, దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది, ఉన్నట్టుండి ఆగిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కి ఉంచితే బాగానే ఉంటుంది. కాలు తీస్తే నిమిషం నిలవదు. ఆయన కార్బురేటర్ పక్కనున్న చిన్న స్క్రూ అటూ ఇటూ తిప్పాడు. గాలి, పెట్రోలు కలిసే పాళ్లు సరిచేసే స్క్రూ అది. ఎటు తిప్పినా అంతే. ఆ సాయంత్రం నేను ఆఖరి రైలుకి వెళ్లిపోయాను.

ఏడో రోజు కార్బురేటర్ మళ్లీ విప్పాడు. జెట్లు మళ్లీ ఊదాడు. సూది మార్చాడు. డిస్ట్రిబ్యూటర్ కాస్త అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. మానిఫోల్డు అతుకుల చుట్టూ ఎక్కడైనా గాలి చొరబడుతోందేమోనని నూనె చుక్కలు వేసి చూశాడు. పైన అందినంత మేరా వేశాడు, తేడా ఏమీ కనబడలేదు. ఆయనకి ఇంకో పద్ధతి ఉండేది. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్ మీద ఆనించి, కొయ్య పిడిని పళ్ల మధ్య బిగబట్టి కళ్లు మూసుకునేవాడు. పాతకాలం వాళ్ల విద్య అనుకుని చూస్తూ ఉండిపోయాను.

నాకు మాత్రం ఇంజిన్ అంటుకున్న క్షణం నుంచీ ఒక ఈల వినబడుతూనే ఉంది. సన్నటిది. కుక్కర్ ఆవిరి పట్టే ముందు వచ్చే సవ్వడి లాంటిది. వేగం దిగినప్పుడు బాగా తెలిసేది, తొక్కితే ఇంజిన్ రొదలో కలిసిపోయేది. కార్బురేటర్ కారు నేను ఎప్పుడూ నడపలేదు. గాలి లోపలికి పీల్చే యంత్రం కాబట్టి ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. ఆయన ఇంజిన్ మీదికి వంగి అంతసేపు ఉంటున్నాడు, ఆయనకి వినబడని చప్పుడు నాకు వినబడుతుందని ఎలా అనుకుంటాను?

ఎనిమిదో రోజు ఆయన ముఖం చిన్నబోయి ఉంది. మధ్యాహ్నం దాకా అదే కార్బురేటర్ నాలుగోసారి విప్పి బిగించాడు. నేను వసారాలో కూర్చుని, కారు అమ్మితే ఎవరు కొంటారా అని లెక్కలేసుకుంటున్నాను. ఆయన అన్నానికి లోపలికి వెళ్లలేదు. చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ బానెట్ ముందే నిలబడ్డాడు.

అక్క నాకు మజ్జిగ ఇచ్చి పక్కన కూర్చుంది. మాటల్లో పడి అడిగాను, ఆ ఈల కార్బురేటర్ బళ్లకి మామూలుగా ఉండేదేనా అని. ఇన్నేళ్లు షెడ్డు పక్కనే ఉంది కదా, ఆమెకి తెలుసేమోనని.

"ఈలా? ఏ పక్క?" అంది.

వెనక పక్క నుంచి అనుకుంటానని చెప్పాను. తను కుట్టు మిషన్ తొక్కుతూ ఉంటుంది కాబట్టి గమనించలేదంది. ఆయనకి చెప్పావా అని అడిగింది. ఆయనకి వినబడుతూనే ఉంటుంది కదా అన్నాను.

ఆమె షెడ్డు వైపు ఒకసారి చూసింది. గొంతు తగ్గించలేదు. తగ్గించనక్కర లేదని నాకు తర్వాత తెలిసింది.

"వినపడదమ్మా ఆయనకి. లావు చప్పుడైతే తెలస్తాది. సన్నది తెలీదు. మూడేళ్లాయ. ఎవురికీ చెప్పబాక. చెవుడొచ్చిన మెకానిక్ దగ్గరికి బండెవురు తెస్తారు?"

అప్పుడు అన్నీ ఒక్కసారిగా తెలిసొచ్చాయి. ముఖంలోకి చూస్తూ వినడం, ఫోను ఆమె ఎత్తడం, పిలిస్తే పలకకపోవడం, పళ్ల మధ్య స్క్రూడ్రైవర్. నేను గమనించలేదని కాదు. ప్రతిదానికీ నాకు నచ్చిన అర్థం చెప్పుకున్నాను. పద్దెనిమిదేళ్లుగా నీళ్లు పరీక్ష చేసే మనిషిని, మూడు రోజులు పక్కన నిలబడి ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆయనకి చెప్పడం ఎలా అన్నది తేలలేదు. ఈల సంగతి చెబితే, నీకు వినపడలేదు అని చెప్పినట్టే. చెప్పకపోతే ఆయన ఐదోసారి కూడా ఆ కార్బురేటరే విప్పుతాడు. ఆయన మళ్లీ ఇంజిన్ స్టార్ట్ చేశాడు. మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లాను. భుజం తట్టి, ఆయన నా వైపు తిరిగాక, ఇంజిన్ తిరుగుతుంటే వెనక నుంచి సన్నటి ఈల వస్తోంది, అది మామూలేనా అని అడిగాను.

ఆయన నన్ను చూశాడు. నా వెనక, గుమ్మంలో నిలబడిన భార్యని చూశాడు. తాళం తిప్పి ఇంజిన్ ఆపేశాడు.

"ఎప్పటి నించి?"

"స్టార్ట్ చేసిన రోజు నుంచీ."

"మరి చెప్పలేదే?"

"మీకు తెలుసనుకున్నాను అన్నా."

పక్కనున్న టైరు మీద కూర్చున్నాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న చేతులు. కోపం వచ్చిందేమో అనుకున్నాను గానీ, మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు. పడవల ఇంజిన్లకి సైలెన్సర్లు ఉండేవి కావని, చెవి దగ్గరే పెట్టుకుని పద్నాలుగేళ్లు పనిచేశానని, అప్పుడు ఏమీ తెలియలేదని చెప్పాడు. తర్వాత ఒక్కొక్కటీ పోయాయట. మొదట పిచికలు, తర్వాత సైకిల్ గంట. మనవరాలి మాట సగం సగం అందుతుందట. ఇంజిన్ మాత్రం అందుతుందని అనుకుంటూ వచ్చాడు.

"లావు తట్టుడైతే పళ్లకి తెలస్తాది," అన్నాడు. "ఈల పళ్లకి తెలీదు."

అప్పుడే నేను క్యాన్ సంగతి చెప్పాను. వాన కాదు, నా చేతులతో నేనే ఆ కంప్యూటర్ మీద ఉప్పునీళ్లు పోశానని, ఆ మాట మా ఆయనకి కూడా చెప్పలేదని. ఆయన్ని ఓదార్చడానికి చెప్పలేదు. ఆ క్షణంలో నా దగ్గర చెప్పగలిగిన నిజం అదొక్కటే ఉంది. ఆయన తల ఊపాడు. మొదటి రోజు వైర్ల మీద ఆ పచ్చటి చిలుము చూసినప్పుడే వాననీళ్లకి అట్టా పట్టదని అనుకున్నాడట.

లేచి, మూరెడు పొడుగు రబ్బరు గొట్టం ముక్క ఒకటి తెచ్చాడు. ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేసి, ఒక కొస నా చెవిలో పెట్టుకోమన్నాడు. రెండో కొస ఇంజిన్ మీద మెల్లగా జరుపుతూ పోవాలి, ఈల ఎక్కడ పెద్దదవుతుందో అక్కడ ఆగాలి. కార్బురేటర్ దగ్గర ఏమీ లేదు. అతుకుల దగ్గర మామూలు గాలి చప్పుడు. మానిఫోల్డు వెనక్కి, కిందికి పోయేకొద్దీ ఈల చెవిని పొడవడం మొదలైంది. అక్కడ చేయి పట్టే జాగా లేదు, కన్ను పడే దారి లేదు. నేను ఆగి చేయెత్తాను. ఆయన నా చేయి పక్క నుంచి తన వేళ్లు లోపలికి పోనిచ్చి తడిమాడు.

ఇంజిన్ చప్పుడు మారిపోయింది. ఎక్కుతూ దిగుతూ ఉన్నది ఒక్కసారిగా నిలకడ పడింది. ఆయన వేలు తీశాడు, మళ్లీ తడబడింది. వేలు పెట్టాడు, కుదురుకుంది.

"గాలి పీలస్తా ఉండాది," అన్నాడు. ఆ వేలు నాకు చూపించాడు. కొన మీద గుండ్రంగా అచ్చు పడి ఉంది.

పాత కారులో ఏదో గొట్టం తగిలించడానికి పెట్టిన చిన్న ముక్కు అది. ఎవరో ఎప్పుడో ఆ గొట్టం తీసేసి రబ్బరు మూత పెట్టి ఉన్నారు. మూత కింది భాగం చీలిపోయింది. బిగించే ముందు ఆయన దాన్ని చూశాడు, పై నుంచి బాగానే ఉంది. నూనె చుక్క అక్కడి దాకా చేరలేదు. కొత్త మూత తొడిగి తీగ చుట్టి బిగించడానికి పది నిమిషాలు పట్టలేదు. ఈల ఆగింది.

తొమ్మిదో రోజు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పటి నుంచి మొదలుపెట్టి పాళ్లు సరిచేశాం. నేను వినాలి, ఆయన తిప్పాలి. చప్పుడు బరువుగా ఉంటే అరచేయి కిందికి, పలచబడి తడబడితే పైకి, నున్నగా సాగుతుంటే పిడికిలి. ఈ మూడు గుర్తులు ఆయనే పెట్టాడు. మొదట నేను చాలా తప్పులు చేశాను. నున్నగా ఉందనుకుని పిడికిలి చూపిస్తే, ఆయన అరచేయి బానెట్ అంచు మీద పెట్టి కాదని తల అడ్డంగా ఊపేవాడు. చెవికి అందనిది ఆయన చేతికి అందేది, చేతికి అందనిది నా చెవికి. రెండూ ఒకే మాట చెప్పేసరికి పదకొండయింది. ఆ మధ్యాహ్నం హైవే మీద కోవూరు దాకా నేనే నడుపుకుంటూ వచ్చాను. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. ఇంజిన్ ఆగలేదు.

పొల్యూషన్ పరీక్షలో మొదటిసారి నెగ్గలేదు. మళ్లీ బిట్రగుంట వెళ్లాం, స్క్రూ ఒక పావు చుట్టు బిగించాడు, నేను విన్నాను. రెండోసారి కాగితం చేతికొచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్లకి అక్క ఫోన్ చేసింది. ఆయన్ని చెవుల పరీక్షకి నెల్లూరు తీసుకెళ్లగలవా అని అడిగింది. తను చెబితే మూడేళ్లుగా రానన్న మనిషి, నువ్వు పిలిస్తే వస్తానన్నాడని చెప్పింది. నా కారులోనే తీసుకెళ్లాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినగానే మీట నొక్కమన్నారు. నేను అద్దం ఇవతల నుంచి చూశాను. మొదట్లో గబగబా నొక్కాడు. తర్వాత నొక్కడం ఆగింది. మీట మీద వేలు పెట్టుకుని, పరీక్ష రాసే పిల్లాడిలా ముందుకు వంగి ఎదురుచూస్తూ ఉన్నాడు. ఏమీ వినబడడం లేదని కూడా ఆయనకి తెలియదు, తర్వాతి చప్పుడు ఇంకా మొదలుకాలేదనుకున్నాడు.

పరీక్ష చేసిన అమ్మాయి గ్రాఫు చూపించింది. గీత కొంతదూరం తిన్నగా పోయి, అక్కడి నుంచి నిట్టనిలువుగా కిందికి పడింది. కాగితం నా చేతిలోంచి తీసుకుని చూశాడు.

"గట్టు తెగినట్టుండాదే," అన్నాడు.

చెవి మిషన్ పెట్టారు. తిరుగు దారిలో కారు ఎక్కిన పది నిమిషాలకి, ఈ బండి ఇంత రొద చేస్తాదా అని అడిగాడు. అవునన్నాను. ఇంత రొద బండిని మీకిచ్చి పంపినానా అన్నాడు. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు.

మిషన్ ఆయనకి పెద్దగా కలిసిరాలేదు. షెడ్డులో సుత్తి దెబ్బ చెవిలో పిడుగులా పడుతోందని తీసి డబ్బాలో పెట్టేస్తాడు. మనవరాలు వచ్చినప్పుడు పెట్టుకుంటాడు. ఇంజిన్ పాళ్లు సరిచేసేటప్పుడు అక్క వింటుంది. ముప్పై ఏళ్లు షెడ్డు పక్కన ఉన్న మనిషి, నాకంటే చాలా బాగా వింటుంది. కుట్టు మిషన్ తొక్కడం ఆపి, కూర్చున్న చోటు నుంచే, ఇంకా కుదరలా అని చేత్తో సైగ చేస్తుంది.

మారినది ఇంకొకటి ఉంది. బండి తెచ్చిన వాళ్లకి ఆయన ఇప్పుడు ముందే చెప్పేస్తున్నాడు. మొదటి నెలలో ఒకాయన మాట్లాడకుండా తాళాలు తీసుకుని వెళ్లిపోయాడట. ఆ సంగతి అక్క నాకు ఫోనులో చెప్పింది. ఆయన ఆ రోజు అన్నం తినలేదని కూడా చెప్పింది. అయినా చెప్పడం మానలేదు.

నిరుడు దొరవారిసత్రం వైపు కొత్తగా గుంటలు ఒప్పుకున్నాను. అంత దూరం పోయే ముందు ఒకసారి చూపిద్దామని కార్బురేటర్ శుభ్రం చేయించడానికి వెళ్లాను. నా పని అయ్యేవేళకి పాత జీపు ఒకటి వచ్చింది. ఓనరు నలభై ఏళ్ల మనిషి, కావలి వైపు వాడు. అన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూ జీపు చుట్టూ తిరిగి వచ్చి చెప్పాడు.

"నాకు సన్న చప్పుడు వినపడదు సార్. ఇంజిన్ ఏమంటా ఉండాదో మా ఇంటామె విని చెప్తాది. ఇష్టమైతే పెట్టి పోండి."

జీపు ఓనరు ఆయన్నీ, వసారాలో కుట్టు మిషన్ దగ్గరున్న ఆమెనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, నా కారుకి కార్బురేటర్ పెట్టింది ఈయనేనా అని అడిగాడు. ఈయనే అన్నాను. ఎట్టా ఉండాది అన్నాడు.

"నడుస్తోంది," అన్నాను.

ఇంకేమన్నా చెబుతానేమోనని చూశాడు. అతను జేబులోంచి తాళం తీసి బానెట్ మీద పెట్టాడు. మధ్యాహ్నంలోగా నేను రెండు గుంటల నీళ్లు ముంచుకోవాలి. చోక్ లాగి, కారు స్టార్ట్ చేసుకుని వచ్చేశాను.